పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ: నలుగురిలో చెప్పుకోలేని చదువా?

ప్రశ్న: మాది ఆదోని. మా అమ్మాయి కర్నూలులో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) పూర్తి చేసి ఇంటర్న్‌షిప్‌లో ఉంది. ఎంపీటీలో (ఫిజియోథెరపీ పీజీలో) స్పోర్ట్స్ తీసుకోమంటే వినడం లేదు. పెల్విక్ ఫ్లోర్ సమస్యలకు చేసే ఫిజియోథెరపీ నేర్చుకుంటానంటోంది. నలుగురిలో ఎలా చెప్పుకోవాలో తెలియడం లేదు. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇబ్బంది కాదా? రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి. – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగింది పోలిక. కానీ ఉత్తరం చదివితే మీ టెన్షన్ స్కోప్ గురించి కాదు, పేరు గురించి అని అర్థమవుతోంది. బయట ఏమనుకుంటారో అని పిల్లల బ్రాంచి మార్పించాలని చూసే తల్లిదండ్రులు నా దగ్గరికి ఏటా వస్తూనే ఉంటారు. అందుకే ముందు ఆ సంగతే మాట్లాడుకుందాం.

కటి ఎముకల మధ్య, అడుగున జోలె కట్టినట్టుండే కండరాలనే పెల్విక్ ఫ్లోర్ అంటారు. అవి మూత్రాశయాన్ని, గర్భసంచిని, పెద్దపేగు చివరి భాగాన్ని మోస్తుంటాయి. కాన్పుల్లో అవి సాగిపోతాయి, ఒక్కోసారి చిరుగుతాయి. బరువులు ఎత్తడం, ఏళ్ల తరబడి మలబద్ధకం, తగ్గని దగ్గు వాటిని ఇంకా బలహీనం చేస్తాయి. అప్పుడు దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోతుంది, గర్భసంచి కిందికి జారుతుంది. కర్నూలు బస్సెక్కే రోజు పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు తాగని ఆడవాళ్లు మీకు తెలియరా? పెళ్లికి పోతూ సంచి అడుగున ఇంకో లంగా దాచుకునేవాళ్లు? పత్తి మూట ఎత్తే ముందు లోపల పాత గుడ్డ పెట్టుకునేవాళ్లు? నలుగురు పిల్లల్ని కన్నాక ఇది మామూలే అని సరిపెట్టుకుని, డాక్టరుకు కూడా చెప్పకుండా ఏళ్లు గడిపేస్తున్నారు. ఈ చదువు పేరు చెప్పడానికి మీకు అడ్డొస్తున్న సిగ్గే వాళ్ల నోరూ కట్టేసింది.

కోపం తెచ్చుకోకండి, ఒక మాట గట్టిగానే అంటున్నాను. గైనకాలజిస్ట్ సంబంధం వస్తే కళ్లకద్దుకుంటాం. ఆ డాక్టరమ్మ కాన్పు చేసి పంపిన తల్లికి తర్వాత కండరాలు బాగుచేసే అమ్మాయి చదువు మాత్రం తలవంపులెలా అవుతుంది? సంబంధాలవాళ్లకు ఫిజియోథెరపిస్ట్ అని చెప్పండి, నిజం అదే కదా. ఇంకా వివరం అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ మాటకే వెనక్కి తగ్గే ఇల్లు మీ అమ్మాయికి అక్కర్లేదు. ఇన్నేళ్లు చదివించి, ఆమె మనసుపడి ఎంచుకున్న చోట పేరు చూసి ఆపడం న్యాయం కాదు.

ఇక స్పోర్ట్స్ సంగతి. 2024లో అనంతపురం ఆర్‌డీటీ మైదానంలో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగాక మన వైపు ఈ మోజు ఇంకా పెరిగినట్టుంది. మైదానంలోకి పరిగెత్తే ఫిజియోను టీవీలో చూసి, మన పిల్లలూ అక్కడ ఉండాలనుకుంటాం. తప్పు లేదు. కానీ ఒక జట్టులో ఆటగాళ్లు పదిహేను మంది ఉంటే ఫిజియోలు ఒకరో ఇద్దరో. ఆ ఒకటి రెండు కుర్చీల కోసం దేశమంతా పోటీ. దొరికినా ఎక్కువగా సీజన్ కాంట్రాక్టులే, నెలల తరబడి ప్రయాణాలే. స్పోర్ట్స్ ఎంపీటీ చేసిన చాలామంది చివరికి ఎముకల క్లినిక్‌లో మోకాళ్ల నొప్పులు, భుజం పట్టేయడం చూస్తున్నారు. అదీ గౌరవమైన పనే. అయితే దానికి ఆర్థో ఎంపీటీ సరిపోయేది. ఆట మీద నిజంగా ప్రేమ ఉండి, తిరగగలిగే ఓపిక ఉన్న పిల్లలకు నేను స్పోర్ట్సే చెబుతాను. మీ అమ్మాయికి ఆ ఇష్టం ఉన్నట్టు మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఆ కోరిక మీది.

ఆమె కోరుకుంటున్న పని ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి. మొదటి రోజు ఎక్కువ సమయం మాటలకే పోతుంది. ఎన్ని నీళ్లు తాగారు, ఎన్నిసార్లు వెళ్లారు, ఎప్పుడు పడిపోయింది అని కనీసం మూడు రోజులు రాసుకురమ్మంటారు. పేషెంటు ఒప్పుకున్నాకే గ్లౌజు వేసుకున్న వేలితో కండరం పట్టు చూసి, 0 నుంచి 5 దాకా గ్రేడు వేస్తారు. మూత్రం ఆపుకున్నట్టు బిగించమంటే చాలామంది తొడలు, పిరుదులు బిగించి ఊపిరి బిగబడతారు. అసలు కండరం కదలదు. దాన్ని కనిపెట్టి సరిచేయడంలోనే ఉంది నేర్పంతా. దగ్గితే మూత్రం పడే సమస్యకు బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాలు మొదట చెప్పే చికిత్స ఇదే: పూటకు కనీసం 8 సార్లు బిగించడం, రోజుకు మూడు పూటలు, కనీసం 3 నెలలు, నేర్పేవాళ్ల పర్యవేక్షణలో. ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత మూత్రం ఆగని మగవాళ్లకూ ఈ చికిత్స చేస్తారు. మన ఊళ్లలో ఆడవాళ్లు ఇలాంటి సమస్య ఆడపిల్లకే చెప్పుకుంటారు. అది మీ అమ్మాయికి కలిసొచ్చే విషయం.

ఈ దారిలోనూ నాకు ఒక భయం ఉంది, అది అమ్మాయికి చెప్పండి. శని, ఆదివారాల ఆన్‌లైన్ క్లాసు, ఒక సర్టిఫికెట్, ఇన్‌స్టాలో కీగల్ వ్యాయామాల (ఈ కండరాలు బిగించి వదిలే వ్యాయామాల) రీల్స్, ఇంతటితో స్పెషలిస్ట్ అయిపోలేరు. కొందరికి ఈ కండరాలు వదులై కాదు, మరీ బిగుసుకుపోయి నొప్పి వస్తుంది. వాళ్లతో బిగించే వ్యాయామం చేయిస్తే బాధ పెరుగుతుంది. ఆ తేడా వేలికి తెలియాలంటే అనుభవం ఉన్నవాళ్ల పక్కన నిలబడి పేషెంట్లను చూడాలి.

మహిళల ఆరోగ్యం మీద ఎంపీటీ అన్ని కాలేజీల్లో ఉండదు. ఉన్నచోట సీటు తీసుకునే ముందు గైనిక్, యూరాలజీ విభాగాల్లో పోస్టింగ్ ఇస్తారా, గైడ్ స్వయంగా ఈ పేషెంట్లను చూస్తున్నారా అని అడగమనండి. జవాబు నీళ్లు నమిలినట్టుంటే ఇంకో కాలేజీ చూసుకోవడమే మంచిది. చదువయ్యాక కర్నూలులో మొదట్లో ఈ ఒక్క పని మీదే ఇల్లు గడవదు. నడుం నొప్పులు, పక్షవాతం కేసులు కూడా చూస్తూ, ఇద్దరు ముగ్గురు గైనకాలజిస్టులతో పరిచయం పెంచుకుంటే పేషెంట్లను వాళ్లే పంపుతారు.

ఇంటర్న్‌షిప్ అయ్యేలోగా కర్నూలు పెద్దాసుపత్రి గైనిక్ ఓపీలో కొన్నాళ్లు కూర్చునే అవకాశం దొరుకుతుందేమో అడిగి చూడమనండి. అక్కడ చూశాక కూడా ఇదే చేస్తానంటే, ఫీజు కట్టండి.