గిటారిస్ట్ టాల్ ఫార్లో మీద ఎవరెవరి ప్రభావం ఉంది? ఆయన్ని వినడం ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను సినిమా పాటల ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తాను. బీబాప్ (1940లలో వచ్చిన, వేగంగా సాగే జాజ్ శైలి) గిటారిస్టుల్లో నేను ఎక్కువగా విన్నదీ, విని సాధన చేసిందీ ఫార్లోనే కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ఆయన 1921లో అమెరికాలో, నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో పుట్టారు. బతుకుతెరువు సైన్‌బోర్డులు రాయడం. సంగీతం మాత్రం సొంతంగా, చెవితో నేర్చుకున్నదే. బెన్నీ గుడ్‌మన్ జాజ్ బృందంలో చార్లీ క్రిస్టియన్ వాయించిన ఎలక్ట్రిక్ గిటార్ విని మనసు పారేసుకుని, ఆ సోలోలను రికార్డుల్లోంచి వినీ వినీ పట్టేశారు. ఎలక్ట్రిక్ గిటార్ కొనే స్తోమత లేక తనే ఒకటి తయారు చేసుకున్నారు. కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) విషయంలో పియానిస్ట్ ఆర్ట్ టేటమ్, సోలో నడకలో శాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ ఆయనకు దారి చూపించారు.

ఇవి ఎవరైనా చెప్పేవే. నాకు వీటికంటే ముఖ్యమనిపించేది ఆయన చిన్నప్పటి మాండొలిన్. దాన్ని ఉకులేలే (చిన్న గిటార్ లాంటి నాలుగు తీగల వాద్యం) శ్రుతిలో పెట్టుకుని వాయించేవారు. ఉకులేలే తీగల మధ్య శ్రుతి తేడాలూ, గిటార్ కింది నాలుగు సన్న తీగల మధ్య శ్రుతి తేడాలూ ఒకటే. అందుకే ఆయన కార్డ్స్, మెలొడీ ఆ నాలుగు తీగల మీదే నడుస్తాయి. పైన మిగిలిన రెండు లావు తీగలను ఎడమచేతి బొటనవేలు మెడ మీదుగా తెచ్చి నొక్కేవారు. అంత పెద్ద చేతులు కాబట్టే ‘ఆక్టోపస్’ అనే పేరొచ్చింది. నా బొటనవేలికి లావు తీగ ఒక్కటే అందుతుంది. అయినా ఆ ఒక్క బేస్ స్వరం కలిస్తేనే కార్డ్ ఎంత నిండుగా మారుతుందో మీరూ వాయించి చూడండి.

ఇక వేగం. అది పుట్టుకతో వచ్చిందని చాలామంది అనుకుంటారు, నేను ఒప్పుకోను. 1949లో వైబ్రాఫోన్ (లోహపు పలకల మీద కొట్టి వాయించేది) వాద్యకారుడు రెడ్ నార్వో ట్రియోలో, అంటే ముగ్గురి బృందంలో చేరారు. బేస్ మీద చార్లెస్ మింగస్. డ్రమ్స్ లేవు. నార్వో ఎత్తుకునే టెంపోలు అందుకోవడానికి ఫార్లో కూర్చుని సాధన చేయాల్సి వచ్చింది. డ్రమ్స్ లేని లోటు తీర్చడానికి గిటార్ మీద వేళ్లతో తట్టి బొంగో లాంటి శబ్దం తెప్పించేవారు. ఆ ట్రియో రికార్డుల్లో ‘మూవ్’ అనే ట్యూన్ వినండి. నేను ఫోన్లో సగం వేగానికి తగ్గించి విన్నాను. అంత హడావుడిలోనూ ఒక్క స్వరాన్నీ మింగేయరు, అన్నీ విడివిడిగా, నిదానంగా దిగుతాయి.

కానీ మొదలుపెట్టడం మాత్రం ‘మూవ్’తో వద్దు. 1956లో రికార్డ్ చేసిన ‘ది స్వింగింగ్ గిటార్ ఆఫ్ టాల్ ఫార్లో’తో మొదలుపెట్టండి. ఎడీ కోస్టా పియానో, విన్నీ బర్క్ బేస్. ఇందులోనూ డ్రమ్స్ లేవు కాబట్టి గిటార్‌లో ఏం జరుగుతోందో స్పష్టంగా వినబడుతుంది. కోస్టా పియానో మంద్రంలో గట్టిగా మోగిస్తుంటే, పైన గిటార్ తేలిపోతూ ఉంటుంది.

1958లో, మంచి పేరున్న రోజుల్లోనే, ఫార్లో న్యూజెర్సీలోని సీబ్రైట్ అనే సముద్రతీరపు ఊరికి వెళ్లిపోయి మళ్లీ బోర్డులు రాసుకున్నారు. ‘కెరీర్ పాడు చేసుకున్నాడు’ అనేవాళ్లతో నాకు పేచీ. ఆయన గిటార్ మానలేదు, క్లబ్బుల హోరు మానుకున్నారంతే. 1962లో గిబ్సన్ కంపెనీ ఆయన పేరుతో గిటార్ తెచ్చింది. తర్వాత మళ్లీ కచేరీలు, రికార్డులు చేశారు. 1998లో చనిపోయారు. 1956 ఆల్బమ్ విన్నాక ఈ తర్వాతి కాలంవి వినండి, మింగస్‌తో చేసినవి ఆఖర్న పెట్టుకోండి.