పెన్ డ్రైవ్ సరే, ఆ 48 అంకెలు ఎక్కడున్నాయి?

ప్రశ్న: ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. పోయిన వారం నా విండోస్ 11 ల్యాప్‌టాప్ నీలం తెర చూపించి ఆగిపోయింది. నాలుగుసార్లు ఆన్, ఆఫ్ చేశాక ఎలాగో లేచింది గానీ అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. ఎమర్జెన్సీ డిస్క్ చేసి పెట్టుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు. దీనికి సీడీ డ్రైవే లేదు మరి! ఎస్పీ రోడ్డులో ఒక షాపులో రెడీగా చేసిన పెన్ డ్రైవ్ ఇస్తామన్నారు, కొనొచ్చా? మా తమ్ముడి ల్యాప్‌టాప్‌కి కూడా అదే పనికొస్తుందా?

జవాబు: రెడీమేడ్‌ది వద్దండి, అందులో ఎవరు ఏం ఎక్కించారో మనకెలా తెలుస్తుంది? ఖాళీ పెన్ డ్రైవ్ కొనుక్కోండి, 16 జీబీ ఉండాలి, 32 అయితే బెంగే లేదు. విండోస్ 98 రోజుల్లో స్టార్టప్ డిస్క్ అంటే 1.44 ఎంబీ ఫ్లాపీలో పట్టేసేది, ఇప్పుడు సీడీ కూడా చాలదు.

ల్యాప్‌టాప్ బాగున్నప్పుడే, అంటే ఈ రాత్రే, సెర్చ్‌లో ‘రికవరీ డ్రైవ్’ అని కొడితే ‘క్రియేట్ ఎ రికవరీ డ్రైవ్’ వస్తుంది, మీ ఫ్రెండ్స్ చెప్పే ఎమర్జెన్సీ డిస్క్ ఇదే. సిస్టమ్ ఫైల్స్ బ్యాకప్ అన్నచోట టిక్ ఉంచి ముందుకెళ్లండి. పెన్ డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి పెళ్లి ఫొటోలున్నది పెట్టకండి. చాలాసేపు పడుతుంది, వంట చేసుకుని రండి. ఒక్కమాట, మీ సొంత ఫైల్స్ ఇందులోకి రావు, వాటికి బ్యాకప్ వేరే తీసుకోవాల్సిందే.

అసలు చాలామంది దెబ్బతినేది బిట్‌లాకర్ దగ్గర, అంటే డిస్క్‌లో ఉన్నది ఇంకెవరూ చదవకుండా విండోస్ వేసే తాళం. కొత్త ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే మనకి తెలీకుండానే డిస్క్‌కి తాళం పడిపోతుంటుంది. పెన్ డ్రైవ్‌తో లేపి సీ డ్రైవ్ తెరవబోతే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్ ఒకటి వికటించి ప్రపంచమంతా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడుకున్నాయి, మన బెంగళూరు ఎయిర్‌పోర్టులోనూ చెకిన్‌లు ఆగి జనం బారులు తీరారు. చేయాల్సిన రిపేరు ఒక ఫైలు డిలీట్ చేయడమే, కానీ తాళం ఉన్న మెషీన్లలో ఆ ఫైలు దాకా వెళ్లాలన్నా ఈ కీ కావాల్సొచ్చింది. అందుకే ఇప్పుడే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో రికవరీ కీ వెతికి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఆ ల్యాప్‌టాప్‌లోనే సేవ్ చేస్తే తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టే.

తర్వాత ఒకసారి పరీక్షించండి. పెన్ డ్రైవ్ పెట్టి, షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ కొట్టి, ‘యూజ్ ఎ డివైస్’ ఎంచుకోండి. మెషీన్ అసలు లేవని రోజున మాత్రం ఆన్ చేస్తూనే బూట్ మెనూ (దేనితో లేవాలో ఎంచుకునే జాబితా) కీ నొక్కాలి, డెల్, లెనోవో అయితే ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎస్కేప్ కొట్టి ఎఫ్9. పరీక్షలో పెన్ డ్రైవ్‌లోని రిపేర్ మెనూ కనిపించిందా, చాలు, బయటికి వచ్చేయండి. ‘రికవర్ ఫ్రమ్ ఎ డ్రైవ్’ జోలికి పోకండి, అది అంతా తుడిచి విండోస్ మళ్లీ ఎక్కిస్తుంది.

మా అక్క కొడుకు ప్రాజెక్ట్ ఇవ్వాల్సిన ముందురోజు రాత్రి వాడి విండోస్ లేవలేదు. ఈ రిపేర్ మెనూలోనే కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే నల్ల తెర) తెరిచి నోట్‌ప్యాడ్ అని కొట్టాం. అందులో ఫైల్, ఓపెన్ నొక్కి ‘ఆల్ ఫైల్స్’ అని మారిస్తే ఫోల్డర్లన్నీ కనిపిస్తాయి, రైట్ క్లిక్‌తో కాపీ చేసి ఇంకో పెన్ డ్రైవ్‌లో పేస్ట్ చేసుకోవచ్చు. సీ డ్రైవ్ అక్కడ డీ అని కనిపించొచ్చు, కంగారు పడకండి. ఎంత కాపీ అయిందో కూడా చూపించదు, బిగుసుకుపోయినట్టు ఉంటుంది. వాడైతే హ్యాంగ్ అయిందని రెండుసార్లు ఆపబోయాడు, చెయ్యి పట్టుకుని ఆపాను!

మీ తమ్ముడి ల్యాప్‌టాప్‌కి వేరేది చేసుకోవాలి, మీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కేది మీ మెషీన్ ఫైల్సే. అలా చేయకముందే అతని మెషీన్ పడిపోతే, మీ ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్ డ్రైవ్ మీద విండోస్ ఎక్కించే ఇన్‌స్టాలర్ చేసివ్వొచ్చు, అందులోనూ రిపేర్ ఆప్షన్ ఉంటుంది. ఒకవేళ ఇది మీ ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మాత్రం ఇవేవీ చేయకుండా ఐటీ వాళ్లని అడగండి, కీ వాళ్ల దగ్గరే ఉంటుంది.