పాల గేదె, గేదె పాలు

ప్రశ్న: మా అబ్బాయి ఎం.ఏ. భాషాశాస్త్రం చదువుతున్నాడు. ప్రతి పదబంధానికీ 'శీర్షం' ఉంటుందంటాడు. నాకు తలా తోకా తెలియలేదు. ఏమిటండీ అది? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తలేనండీ, కాకపోతే తెలుగులో అది తోక దగ్గర ఉంటుంది! మా అమ్మకు పాడి ఉండేది. 'గేదె పాలు విరిగాయి' అంటే విరిగినవి పాలు. 'పాల గేదె ఈనింది' అంటే ఈనింది గేదె. మాటలు అవే రెండు, పెత్తనం మాత్రం చివరిదానిది. క్రియ కూడా దాని మాటే వింటుంది. పాలు కాబట్టి 'విరిగాయి', గేదె కాబట్టి 'ఈనింది'. ఆ పెత్తందారే శీర్షం. ముందు 'నిన్న సంతలో కొన్న' అని ఎంత తగిలించినా గేదె గేదే. ఇంగ్లీషు 'ఆన్ ద టేబుల్'లో శీర్షం 'ఆన్' ముందుంటుంది. మన 'బల్ల మీద'లో 'మీద' చివరికొస్తుంది. అది శీర్షమా, ఉత్త విభక్తా అంటారా? ఆ తగువు మీ అబ్బాయితో పెట్టుకోండి.