పురాణాల్లో ఆడ మగ కావడం, మగ ఆడ కావడం: మా నాన్నతో నడిచిన వాదన

ఆడ మగ కావడం, మగ ఆడ కావడం, స్వలింగ ప్రేమ: ఇదంతా పడమటి పోకడేనా, మన పురాణాల్లోనూ ఉందా అని కొందరు అడుగుతుంటారు. ఉంది. కానీ అందరూ చెప్పే శిఖండి, బృహన్నలల దగ్గరే ఆగితే వాదన నిలబడదు. మా ఇంట్లో అదే అయింది.

నేను గే అని చెప్పినప్పుడు నాన్న కేకలు వేయలేదు, తర్కానికి దిగారు. "అర్జునుడు బృహన్నల అయింది ఊర్వశి శాపంతో. అంబ శిఖండిగా పుట్టింది భీష్ముడి మీద పగతో. నీకేం వచ్చిందిరా?"

జవాబు మహాభారతంలోనే, అనుశాసన పర్వంలో దొరికింది. భంగాస్వనుడనే రాజు ఇంద్రుడి కోపానికి గురై, ఒక కొలనులో మునిగి ఆడదై లేస్తాడు. రాజ్యం కొడుకులకిచ్చి అడవికి పోయి, ఒక తాపసితో కాపురం చేసి మళ్లీ నూరుగురు కొడుకుల్ని కంటాడు. చివరికి ఇంద్రుడు మెత్తబడి "మళ్లీ మగవాణ్ని చేయనా" అంటే, "వద్దు, ఇలాగే ఉంటాను" అంటుంది. కారణం కూడా దాచుకోదు: సంగమంలో ఆడదానికే సుఖం ఎక్కువట! ఈ కథ ధర్మరాజుకు చెప్పింది సాక్షాత్తూ భీష్ముడు. మొదలు శాపమే అనుకున్నా, చివర మాత్రం సొంత ఇష్టం.

నాన్న ఊరుకుంటారా? భాగవతం నవమ స్కంధం తీశారు. సుద్యుమ్నుడనే రాజు ఒక నెల ఆడ, ఒక నెల మగ. "ప్రజలు మెచ్చలేదని అందులోనే ఉంది, చూసుకో" అన్నారు. మెచ్చలేదు, నిజమే. గద్దె మాత్రం దింపలేదు కదా నాన్నా అన్నాను. పైగా ఆడరూపంలో 'ఇల' అనే పేరుతో ఉన్నప్పుడు బుధుడి వల్ల పుట్టిన పురూరవుడితోనే చంద్రవంశం సాగింది. అంటే పాండవులకూ కౌరవులకూ మూలపుటమ్మ ఈయనే!

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఇవన్నీ రూపం మారిన కథలు. ఆడ ఆడగానే, మగ మగగానే ఉండి ప్రేమించుకున్న కథలు అరుదు. నాకు తెలిసినవాటిలో గట్టిది కృత్తివాసుడి బెంగాలీ రామాయణంలోది: దిలీపుడు పోయాక, శివుడి వరంతో అతని ఇద్దరు భార్యలు కలిస్తే భగీరథుడు పుడతాడు. ఇక పడమటి నుంచి వచ్చింది ఏదైనా ఉంటే అది స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్. 1860లో ఇంగ్లీషువాళ్లు పెట్టిందే. ఇష్టపడి కలిసే పెద్దల విషయంలో సుప్రీంకోర్టు 2018లో దాన్ని కొట్టేసింది.

భంగాస్వనుణ్ని నాన్న ఒప్పుకున్నారు. భగీరథుడి దగ్గర మాత్రం బేరం తెగలేదు. వాల్మీకిలో లేనిది లెక్కలోకి రాదంటారు.