మలక్‌పేట నుంచి యెజ్డీ మీద

మీరు అడగండి శీర్షికలో ఈసారి జవాబులిస్తున్నది హైదరాబాద్‌కు చెందిన తెలుగు స్టాండప్ కమెడియన్. షోలకు వాళ్ల నాన్నగారి పాత యెజ్డీ రోడ్‌కింగ్ మోటార్‌సైకిల్ మీద వెళ్తారని తెలిసి, పాఠకులు ఎక్కువగా దాని గురించే రాశారు.

ప్రశ్న: మెట్రో, క్యాబులు ఉండగా పాత బండే ఎందుకు? (వరంగల్ పాఠకుడు)

నాన్న పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్. 1993లో కొన్నారు దాన్ని. వెనక క్యారియర్‌కు ట్రైపాడ్, ట్యాంకు మీద లైట్ల పెట్టె, మెడలో కెమెరా పెట్టుకుని భువనగిరి, జనగామ దాకా వెళ్లొచ్చేవారు. అర్ధరాత్రి గల్లీ మలుపులో ఆ రెండు సైలెన్సర్ల మోత వినగానే అమ్మ లేచి కూర వేడి చేసేది. ఇప్పుడు ఆయనకు 71. మోకాళ్లు సహకరించక బండి నాకిచ్చారు. నేను షో అయ్యాక ఇంటికి వచ్చేసరికి వరండాలో కూర్చుని ఉంటారు. ‘క్లచ్ జారుతోందిరా, రేపు చూపించు’ అంటారు, బండి ఇంకా గేటు దాటకముందే. ఇంతవరకు ఆయన చెప్పింది ఒక్కసారి కూడా తప్పు కాలేదు.

మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961లో జావా బండ్లు మొదలుపెట్టింది. 1973 నుంచి యెజ్డీ పేరుతో చేసి, 1996లో మూతపడింది. 2022లో అదే పేరుతో కొత్తవి వచ్చాయి కానీ అవి ఫోర్ స్ట్రోక్. మాది 250 సీసీ టూ స్ట్రోక్. గేరు లివర్‌నే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ రాడ్డు అవుతుంది. చిన్నప్పుడు నాన్న పాదం కింద అది అలా మారడం చూస్తూ ఉండిపోయేవాణ్ణి.

ప్రశ్న: జోకులు బండి మీదే ఆలోచిస్తారట, నిజమేనా? (ఏలూరు పాఠకురాలు)

ఆలోచించేది ఇంట్లోనే. బండి మీద పైకి అంటాను. మలక్‌పేట నుంచి షోలు జరిగే బంజారాహిల్స్ లమకాన్‌కు సాయంత్రం 40 నిమిషాలు పడుతుంది. చాదర్‌ఘాట్ దగ్గర మొదటి మాట ఎత్తుకుంటే మసాబ్ ట్యాంక్ వచ్చేసరికి ఐదు నిమిషాల సెట్ (స్టేజీ మీద చెప్పే జోకుల వరుస) మూడు సార్లయినా అయిపోతుంది. హెల్మెట్‌లో, ఆ ఇంజన్ మోతలో నా మాట నాకు వినబడాలంటే గట్టిగా అనాలి, పొట్టిగా అనాలి. ఊపిరి చాలని చోట వాక్యం పొడుగైందని అర్థం. అక్కడ కోసేస్తాను. కాగితం మీద బాగుందనుకున్నవి నాంపల్లి సిగ్నల్ దగ్గర చాలా పోయాయి.

ప్రశ్న: బండి వల్ల ఎప్పుడైనా షో పోయిందా? (నిజామాబాద్ పాఠకుడు)

ఒకసారి పోయినంత పనైంది, అదీ నా తప్పే. ఈ ఇంజన్‌కు వేరే ఆయిల్ పంపు లేదు. పెట్రోలులోనే టూటీ ఆయిల్, అంటే టూ స్ట్రోక్ ఇంజన్ల నూనె, కలపాలి. ఆ రోజు తొందరలో బంకులో ట్యాంకు నింపి ఆయిల్ మరిచిపోయాను. లక్డీకాపూల్ దాటాక సైలెన్సర్ల నుంచి పొగ ఆగింది, శబ్దం గరగరగా మారింది, నూనె లేక పిస్టన్ పట్టేసి వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. రెండు వేళ్లు క్లచ్ మీదే ఉండబట్టి వెంటనే పట్టేశాను, చక్రం వదిలింది. టూ స్ట్రోక్ నడిపేవాళ్లెవరైనా ఆ రెండు వేళ్లు క్లచ్ మీద నుంచి తీయకండి. పాన్ డబ్బా ఆయన బండి చూసుకుంటానంటే ఆటోలో వెళ్లాను. నా వంతు దాటిపోయింది, చివర్లో నాలుగు నిమిషాలు దొరికాయి.

మర్నాడు పుత్లీబౌలీలో మెకానిక్ ఉస్తాద్ సిలిండర్ విప్పి గోడను వేలితో తడిమి, ‘నూనె మరిచినవా బేటా?’ అన్నారు. తిట్టలేదు. రీబోర్ చేసి, అంటే సిలిండర్ లోపల కాస్త తొలిచి, పెద్ద సైజు పిస్టన్ వేశారు. అప్పటి నుంచి దగ్గుమందు సీసా మూత ఒకటి టూల్ బాక్సులో పెట్టుకున్నాను. పది మిల్లీలీటర్ల మూత. లీటరు పెట్రోలుకు నాలుగు మూతల నూనె.

ప్రశ్న: అన్నా, మా నాన్న పోయి ఆరేళ్లయింది. ఆయన రోడ్‌కింగ్ అప్పటి నుంచి పెరట్లో రేకుల కిందే ఉంది. పాత ఇనుముకు వేసేద్దామని మా అన్నయ్య అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. మళ్లీ నడుస్తుందా? (ఖమ్మం పాఠకురాలు)

నడుస్తుంది చెల్లీ, చాలావరకు నడుస్తుంది. ముందు ఎవరినీ కిక్ కొట్టనివ్వకండి. ఆరేళ్లు ఆగిన ఇంజన్‌లో పిస్టన్ రింగులు పట్టేసి ఉండొచ్చు, బలవంతం చేస్తే సిలిండర్ గీసుకుపోతుంది. స్పార్క్ ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో రెండు చెంచాల ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి మెకానిక్‌ను ఇంజన్ చేత్తో మెల్లగా తిప్పి చూడమనండి. ట్యాంకులో పాత పెట్రోలు వంపేసి లోపల టార్చి వేసి చూస్తే తుప్పు కనిపిస్తుంది, అది కడగాలి. కార్బురేటర్ జెట్లు, అంటే పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలు, పూడిపోయి ఉంటాయి. క్రాంక్ ఆయిల్ సీళ్లు (ఇంజన్ లోపలి రబ్బరు రింగులు) గట్టిపడి ఉంటాయి కాబట్టి అవి మార్చక తప్పదు, ఖర్చు ఎక్కువయ్యేది అక్కడే. బ్రేక్ షూలు, కేబుళ్లు, టైర్లు కొత్తవి వేయించండి. వీటిలో పొదుపు వద్దు. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను లాగుతుంది, పాత రబ్బరు పైపులకు మంచిది కాదు. అందుకే నడిచాక కూడా నెలల తరబడి పెట్రోలుతో నిలబెట్టకండి.

కాగితాల సంగతి ఇంకా ముఖ్యం. ఆర్‌సీ నాన్నగారి పేరున ఉంటే వారసుల పేరుకు మార్చాలి, దానికి ఫారం 31. పదిహేనేళ్లు దాటింది కాబట్టి రిజిస్ట్రేషన్ కూడా రెన్యువల్ చేయించాలి, ఐదేళ్లకోసారి. మిగతా వారసులు ఒప్పుకున్నట్టు కాగితం అడుగుతారు, అంటే మీ అన్నయ్య సంతకం కావాలి. అందుకని ఆయనతో ఇప్పుడే గొడవ పెట్టుకోకండి. ట్యాంకు కడిగేటప్పుడు పక్కన ఉండమనండి. అన్నీ సరిచేయించాక మొదటి కిక్ ఆయనతోనే కొట్టించండి.