పుండు పడిన కాలికి కొత్త కాథెటర్ కోసం ఆగవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నాన్నగారికి 66 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది. బొటనవేలి మీద పుండు మానడం లేదు. మోకాలి కింద రక్తనాళాలు మూసుకుపోయాయని పరీక్షల్లో తేలింది. విశాఖలో చూసిన డాక్టరుగారు నాళంలోకి చిన్న బెలూన్ పంపి, ఉబ్బించి, వెంటనే తెరుద్దామన్నారు. ఈలోగా మీరు, సన్నని సూది ఉన్న కాథెటర్‌ను (రక్తనాళంలోకి పంపే సన్నని గొట్టాన్ని) లోపలికి పంపి రక్తనాళం గోడ బయట మందు ఎక్కించే పద్ధతి గురించి చదివారు. అది దొరికేదాకా ఆగితే నాన్నగారికి మేలేమో, మన ఏఎంటీజెడ్‌లో (విశాఖలోని మెడ్‌టెక్ జోన్‌లో) అడిగితే దొరుకుతుందేమో అని రాశారు.

ఆగకండి. ఆ సూది మందు మూసుకున్న నాళాన్ని తెరవదు. తెరిచిన నాళం కొన్ని నెలల తర్వాత మళ్లీ ఇరుకైపోకుండా చూడడానికే దాన్ని ఇస్తారు. అంటే ఆ పరికరం రేపే మీ చేతికి వచ్చినా, ముందు బెలూన్ వేయాల్సిందే. పుండు ఉన్న కాలికి ఈ రోజు కావలసింది రక్తం. అది అందకపోతే ఎంత మంచి యాంటీబయాటిక్ వేసినా వేలి దాకా చేరదు.

నేను డాక్టరును కాను, ఫార్మసిస్టును. గాజువాకలో ఉంటాం. మా మామయ్యగారి కాలు ఇదే దారిలో వెళ్లింది కాబట్టి, ఆయన వెంట ఉండి తెలుసుకున్నదీ ఆ తర్వాత చదువుకున్నదీ మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ఆయన పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. చుట్ట అలవాటు చిన్నప్పటినుంచీ ఉంది. కొంతదూరం నడవగానే పిక్క పట్టేసేది, నిలబడితే తగ్గేది. సింహాచలం మెట్లెక్కుతూ మధ్యమధ్యలో కూర్చుండిపోయేవారు. వయసు మీద పడిందనుకున్నారు అందరూ. తర్వాత వేలికి చిన్న గాయమైంది. మొదట వెళ్లిన ఆసుపత్రిలో వారాల తరబడి డ్రెస్సింగ్ మారుస్తూ వచ్చారే తప్ప, పాదం మీద నాడి అందుతోందో లేదో ఒక్కరూ వేలు పెట్టి చూడలేదు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఎందుకంటే ఆ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఆ తర్వాత చూసిన వాస్క్యులర్ సర్జన్ (రక్తనాళాల సర్జన్) పాదం పైనా, చీలమండ వెనకా వేళ్లు ఆనించి, కుర్చీలో కూర్చోకముందే సంగతి చెప్పేశారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. చీలమండ దగ్గర రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చే పరీక్ష ఉంటుంది. ఆ నిష్పత్తి 0.9 లేదా అంతకన్నా తక్కువ ఉంటే కాలి రక్తనాళాల జబ్బు ఉన్నట్టు. అయితే ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారిలో నాళాల గోడల్లో కాల్షియం పేరుకుని గట్టిపడతాయి. పట్టీ బిగించినా అవి నొక్కుకోవు. దాంతో రక్తం సరిగా పారకపోయినా అంకె బాగున్నట్టే కనిపిస్తుంది, ఒక్కోసారి 1.4 కూడా దాటుతుంది. మామయ్యగారి రిపోర్టు అలాగే మోసం చేసింది. అందుకే కాలివేలి దగ్గర రక్తపోటు చూడమని అడగండి. అది 30 కన్నా తక్కువ ఉంటే పుండు తనంతట తాను మానడం చాలా కష్టం. మీ నాన్నగారి రిపోర్టుల్లో ఈ అంకె ఉందో లేదో ముందు చూడండి.

ఇప్పుడు మీరు చదివిన పద్ధతి గురించి. అందులోని ఆలోచన నాకు ఎంతో నచ్చింది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ధమని గోడకు మూడు పొరలుంటాయి. బెలూన్ ఉబ్బినప్పుడు లోపలి పొర మీది కొవ్వు గడ్డలు పగిలి, మధ్యలో ఉన్న కండర పొర సాగి, గోడ మొత్తం గాయపడుతుంది. ఆ గాయాన్ని మాన్పడానికి శరీరం చేసే ప్రయత్నమే తర్వాత మనకు చేటు చేస్తుంది. వాపు కణాలు వచ్చి చేరతాయి, కండర కణాలు పెరుగుతాయి, మచ్చ కణజాలం లోపలివైపు దట్టంగా పేరుకుని దారి ఇరుకవుతుంది. ఈ గొడవలో పెద్ద భాగం బయటి పొరలో, అంటే అడ్వెంటీషియాలో మొదలవుతుందని జంతువులపై చేసిన అధ్యయనాలు చూపించాయి. గోడకే రక్తాన్ని అందించే అతి సన్నని నాళాలు ఉండేది అక్కడే. వాపు కణాలు ఆ దారిన కూడా గోడలోకి వస్తాయి. సముద్రం పక్కన ఇళ్లున్న మనకు ఇది తేలికగానే అర్థమవుతుంది: బయటి నుంచి చెమ్మ దిగే గోడకు లోపలి వైపు ఎన్నిసార్లు రంగు వేసినా నిలవదు.

ఇలా మళ్లీ ఇరుకవకుండా వాడే మందు పూసిన బెలూన్ లోపలి వైపు నుంచి పనిచేస్తుంది. దాని మీద ఎక్కువగా పాక్లిటాక్సెల్ అనే మందు ఉంటుంది. బెలూన్‌ను రెండు మూడు నిమిషాలు గోడకు ఆనించి ఉంచుతారు. ఆ కాసేపట్లో ఎంత మందు గోడలోకి ఇంకితే అంతే, మిగిలింది రక్తంలో కొట్టుకుపోతుంది. కాల్షియం మందంగా ఉన్నచోట అదీ సరిగా ఇంకదు. సూది కాథెటర్ ఈ అడ్డంకిని దాటిపోతుంది. బుల్‌ఫ్రాగ్ అనే పరికరంలో సూది ఒక చిన్న బెలూన్ మడతలో దాగి ఉంటుంది. ముందుగా నాళంలోకి పంపిన సన్నని తీగ (గైడ్‌వైర్) మీదుగా తగిన చోటికి చేర్చి, తక్కువ ఒత్తిడితో బెలూన్‌ను ఉబ్బిస్తే సూది పక్కకు తిరిగి గోడను గుచ్చుకుని బయటి పొరలోకి వెళుతుంది. మందులో కొద్దిగా కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో కనిపించే ద్రవం) కలుపుతారు కాబట్టి, అది నాళం చుట్టూ వ్యాపించడం ఎక్స్‌రే తెర మీద డాక్టరుకు కనిపిస్తుంది. తర్వాత బెలూన్‌ను కుదించి, సూదిని లోపలికి తీసుకుని కాథెటర్‌ను బయటికి లాగేస్తారు. లోపల ఏ వస్తువూ మిగలదు. కిడ్నీ ధమని చుట్టూ ఉండే నరాలను ఆల్కహాల్‌తో అణచి బీపీ తగ్గించే ప్రయత్నాలూ ఇలాంటి సూది కాథెటర్లతోనే జరుగుతున్నాయి.

కాలి నాళాల చుట్టూ ఎక్కించి చూసిన మందు డెక్సామెథాసోన్, మన మందుల షాపుల్లో చవకగా దొరికే పాత స్టెరాయిడ్. ఖరీదైన కొత్త మందు కాదు, పాత మందునే సరైన చోట పెట్టడం. ఫార్మసిస్టుగా నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఇదే. కాకపోతే స్టెరాయిడ్ కాబట్టి షుగర్ ఉన్నవారిలో రక్తంలో చక్కెర మీద కన్ను వేసి ఉంచాలి.

అయినా మీ నాన్నగారి విషయంలో దీనికోసం ఆగవద్దని అంత గట్టిగా ఎందుకంటున్నానో చెబుతాను. ఈ పద్ధతిని రోగుల్లో వాడి చూసిన ముఖ్యమైన పరీక్ష పేరు డాన్స్. దాని ఫలితాలు 2018లో ప్రచురించారు. అందులో 262 మంది ఉన్నారు. ఏడాది తర్వాత సుమారు నాలుగింట మూడు వంతుల కాళ్లలో నాళం మళ్లీ మూసుకోకుండా నిలిచింది. మంచి ఫలితమే. కానీ అందరికీ మందు ఇచ్చారు, పోల్చి చూడడానికి మందు ఇవ్వని వర్గం లేదు. పైగా చికిత్స చేసింది తొడలోనూ మోకాలి వెనకా ఉండే పెద్ద నాళాలకు. చేరినవారు నడిస్తే నొప్పి ఉన్నవారు, కొందరు విశ్రాంతిలోనూ నొప్పి ఉన్నవారు. పుండు పడినవారిని తీసుకోలేదు. మీ నాన్నగారి జబ్బు మోకాలి కింద ఉంది, పుండూ ఉంది. అంటే ఆ లెక్క ఆయనకు నేరుగా వర్తించదు. మోకాలి కింది నాళాల్లో డెక్సామెథాసోన్‌తోనూ టెమ్సిరోలిమస్ అనే మరో మందుతోనూ పరీక్షలు జరిగాయి గానీ అవి చిన్నవి.

మామయ్యగారికి మామూలు బెలూన్‌తోనే తెరిచారు. వేలిలో కొంత భాగం తీసేయాల్సి వచ్చింది, పాదం నిలిచింది, పుండు మెల్లగా పూడింది. కొన్ని నెలలకు డాప్లర్‌లో (రక్తం ఎలా పారుతోందో చూపే స్కాన్‌లో) అదే నాళం మళ్లీ ఇరుకైనట్టు కనిపించింది. అప్పుడే నేను ఈ సూది కాథెటర్ గురించి నగరంలో తెలిసిన డాక్టర్లను అడిగాను. వారెవరూ దాన్ని వాడడం లేదు. రెండోసారి కూడా బెలూనే వేశారు. అయితే మొదటిసారి తెరిచిన నాళం ఆ కొద్ది నెలలు రక్తం అందించడం వల్లే పుండు మానింది. మానిన పాదానికి ఆ తర్వాత అంత రక్తం అవసరం ఉండదని సర్జన్ చెప్పారు. మీరు పరిగెత్తాల్సింది ఆ కొద్ది నెలల కోసమే.

మీ డాక్టరుగారు మామూలు బెలూన్ అన్నారని తక్కువ చికిత్స అనుకోకండి. మోకాలి కింద మందు పూసిన బెలూన్‌ను మామూలు బెలూన్‌తో పోల్చిన ఇన్‌పాక్ట్ డీప్ పరీక్షలో, 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మందు వల్ల అదనపు మేలు కనబడలేదు. కంపెనీ అంతకుముందే మోకాలి కింది నాళాల కోసం ఆ బెలూన్ అమ్మకాన్ని ఆపేసింది. ఒకవేళ తొడ నాళానికి మందు బెలూన్ వేద్దామంటే, పాక్లిటాక్సెల్ క్యాన్సర్ మందు కదా అని భయపడకండి. దాని వల్ల మరణాలు పెరుగుతున్నాయన్న అనుమానం 2018 డిసెంబరులో వచ్చింది. తర్వాత వచ్చిన సమాచారమంతా చూసి, 2023 జులైలో అమెరికా ఎఫ్‌డీఏ ఆ అనుమానానికి ఆధారం లేదని ప్రకటించింది.

ఏఎంటీజెడ్ సంగతి: పెదగంట్యాడ వైపు ఉన్నది వైద్య పరికరాలు తయారు చేసే కంపెనీల పార్కు. చికిత్స కోసం అక్కడికి వెళ్లి ప్రయోజనం లేదు. ఎవరైనా ఈ పద్ధతిని క్లినికల్ ట్రయల్‌గా ఇస్తామంటే సీటీఆర్ఐ (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు సంఖ్య అడగండి, అంగీకార పత్రం తెలుగులో ఇవ్వమనండి, నాన్నగారిచేత చదివించండి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం పొందే హక్కు 2019 నిబంధనల్లో ఉంది.

బెలూన్‌కు వెళ్లేముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించండి. కాంట్రాస్ట్ కిడ్నీల మీద భారం వేస్తుంది. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆపాలా వద్దా అని ముందే అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆసుపత్రిలోని సహాయ కౌంటర్ దగ్గర, ఏది ఉచితంగా వస్తుందో, దేనికి మీరు కట్టాలో చేరకముందే తేల్చుకోండి. తర్వాత రక్తం పలచబడే మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదు. చుట్ట, సిగరెట్ ఉంటే పూర్తిగా మానాలి. బాగైన తర్వాత కూడా గిరి ప్రదక్షిణకు చెప్పుల్లేకుండా నడవనివ్వకండి. స్పర్శ తగ్గిన పాదానికి రాయి గుచ్చుకున్నా, తారు రోడ్డు కాల్చినా తెలియదు.

డాప్లర్ రిపోర్టులో ఏ నాళం ఎంతవరకు మూసుకుందని రాశారో, వేలి రక్తపోటు, క్రియాటినిన్ ఎంతో ఇక్కడ రాయండి. బెలూన్ వేసే క్యాథ్ ల్యాబ్‌కు వెళ్లేలోపు డాక్టరుగారిని ఏమేమి అడగాలో నేను రాసి పెడతాను.