బొగ్గు నుంచి డీజిల్ తీసే చదువు: ఉద్యోగాలుంటాయా?

ప్రశ్న: మా అమ్మాయి కెమికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. బొగ్గును డీజిల్‌గా మార్చే టెక్నాలజీలోనే ఎంటెక్ చేస్తానని పట్టుబడుతోంది. రేపు ఉద్యోగం దొరుకుతుందా అని మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: చేయనివ్వండి. అయితే బొగ్గు ఒక్కదాన్నే నమ్ముకోవద్దని చెప్పండి.

ఇది పాత విద్యే. 1920ల్లో జర్మనీలో ఫిషర్, ట్రాప్ష్ అనే శాస్త్రవేత్తలు బొగ్గు నుంచి వచ్చే గ్యాస్‌ను క్యాటలిస్ట్ (రసాయన చర్యను వేగంగా జరిపించే పదార్థం) మీదుగా పంపి ద్రవ ఇంధనం తీశారు. దక్షిణాఫ్రికాలో ససోల్ అనే కంపెనీ 1955 నుంచి ఇలాగే తీస్తోంది, చైనాలోని నింగ్‌షియాలో ఏడాదికి 40 లక్షల టన్నుల ప్లాంటు 2016లో మొదలైంది. గమనించారా, బొగ్గు దండిగా ఉండి, చమురు కొరత భయం ఉండి, ప్రభుత్వం వెనక నిలబడితేనే ఇవి వస్తాయి, ఎందుకంటే కట్టడానికి విపరీతంగా ఖర్చవుతుంది, ముడి చమురు ధర పడిపోతే లెక్కలన్నీ తారుమారవుతాయి. పైగా కార్బన్‌ను పట్టి నిల్వ చేయకపోతే, తయారీ నుంచి వాడకం దాకా లెక్కేస్తే మామూలు డీజిల్ కంటే దాదాపు రెట్టింపు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అందుకే ప్రపంచం మొత్తం మీద ఇలాంటి ప్లాంట్లు కొన్నే, వాటిలో ఉద్యోగాలూ అంతే.

మరి చేయనివ్వమని ఎందుకన్నానంటే, ఫిషర్-ట్రాప్ష్ రియాక్టర్‌కు కావాల్సింది బొగ్గు కాదు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన సింగ్యాస్. అది సహజవాయువు నుంచి రావచ్చు, పంట వ్యర్థాల నుంచి రావచ్చు, గాల్లో కలిసే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి హైడ్రోజన్‌తో కలిపినా రావచ్చు. ఖతర్‌లో షెల్ వాళ్ల పెర్ల్ ప్లాంటు సహజవాయువుతోనే నడుస్తోంది. ఫిషర్-ట్రాప్ష్ పద్ధతిలో తీసిన ఇంధనాన్ని విమానాల్లో సగం వరకు కలిపి వాడటానికి 2009లోనే ప్రమాణం వచ్చింది, ఇప్పుడు విమానాల కర్బన ఉద్గారాలు తగ్గించాలనుకునే వాళ్లకు ఉన్న దారుల్లో ఇదొకటి. ఎరువుల, మెథనాల్ ఫ్యాక్టరీల్లోనూ సింగ్యాస్ తెలిసినవాళ్లు కావాలి.

కాబట్టి ఎంటెక్‌లో గ్యాసిఫికేషన్ (బొగ్గు, పంట వ్యర్థాల్లాంటి వాటిని సింగ్యాస్‌గా మార్చడం), క్యాటలిస్టులు, రియాక్టర్ డిజైన్ గట్టిగా పట్టుకోమనండి. బొగ్గు సింగ్యాస్‌లో హైడ్రోజన్ తక్కువ, అక్కడ ఇనుము క్యాటలిస్ట్ వాడతారు. హైడ్రోజన్ ఎక్కువుంటే కోబాల్ట్. ఈ రెండింటి మీదా పనిచేసినమ్మాయి బొగ్గు ప్లాంటు దొరకకపోయినా ఆగిపోదు. కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకు ఒక్కటే చూడకండి, గైడ్ ల్యాబ్‌లో రియాక్టర్ నిజంగా నడుస్తోందా, లేక అంతా కంప్యూటర్ సిమ్యులేషనేనా అని అమ్మాయినే అడిగి తెలుసుకోమనండి.